కసరత్తుకీ చిత్రానికీ నడుమ

మన బడి వార్షికోత్సవాల్లో ఈ మధ్య నాటికలతో పాటు పిల్లలు తీసిన లఘుచిత్రాలు కూడా వేస్తున్నారు. ఫోనుతో తీస్తారు, ఫోనులోనే ముక్కలు కలుపుతారు, వెనకాల ఓ పాట పెట్టి సాయంత్రానికల్లా తెర మీద చూపిస్తారు. మా కాలంలో కెమెరా అంటే పదో తరగతి గ్రూప్ ఫొటో రోజున ఊళ్లోని స్టూడియో ఆయన మూడుకాళ్ల స్టాండుతో సహా తెచ్చే వస్తువు. దాన్ని ముట్టుకునే భాగ్యం మాకు ఉండేది కాదు. ఇప్పటి పిల్లలకి ఆ కొరత లేదు, సంతోషించవలసిన విషయమే. అయితే ఆ చిత్రాలు చూసినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. ఇది సాధన కోసం చేసినదా, నలుగురికీ చూపించడం కోసం చేసినదా? పిల్లలకి ఆ తేడా ఎవరైనా చెప్పారా?

సినిమా నేర్పే బడులు ప్రపంచంలో పుట్టి నూరేళ్లు దాటింది. మాస్కోలోనైనా, పోలండ్‌లోనైనా, మన పుణేలోనైనా ఆ బడులు మొదటినుంచీ ఈ రెంటినీ వేరుగానే ఉంచాయి. విద్యార్థి ముందు కసరత్తులు చేస్తాడు. ఆ తర్వాత ఎప్పుడో ఒక చిత్రం తీస్తాడు. ఆ రెంటికీ నడుమ ఉన్న కాలంలో అతను ఏం నేర్చుకుంటాడన్నది ఈ వ్యాసం విషయం. నేను వృత్తిరీత్యా ఇంజినీరుని, సినిమా నా రంగం కాదు. చాలా ఏళ్లుగా చదివినదాన్నీ చూసినదాన్నీ మన సంఘం సభ్యుల ముందూ, ఉపాధ్యాయుల ముందూ పెడుతున్నాను.

సరళీ స్వరాలు, ఆకురాయి

కసరత్తు అంటే ఏమిటో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. సంగీతం నేర్చుకునే పిల్ల సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు దాటి గీతానికి వస్తుంది. వర్ణాలూ కృతులూ వచ్చాక ఎప్పటికో కచేరీ. సరళీ స్వరాలు వినడానికి టికెట్టు కొనుక్కుని ఎవరూ రారు. అవి గొంతు కోసం, చెవి కోసం.

మా ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో ఫిట్టింగ్ షాపు ఉండేది. చేతికొక ఇనుప ముక్క ఇచ్చి, ఆకురాయితో రాసి, మూలమట్టం పెడితే వెలుతురు కనబడకుండా చదును చెయ్యమనేవారు. వారాల తరబడి అరచేతులు బొబ్బలెక్కేవి. ఆ ముక్క ఏ యంత్రంలోకీ వెళ్లదు. మాస్టారు కొలిచి, మార్కులు వేసి, పాత ముక్కల పెట్టెలో పడేసేవారు. మిగతావన్నీ పక్కన పెట్టి ఒకే ఒక సంగతి మీద చెయ్యి కుదురుకునేలా చెయ్యడమే దాని పని.

సినిమా బడుల్లోనూ అంతే. పుణే సంస్థలో ఏళ్లుగా సాగుతున్న పద్ధతి చూస్తే, ఒక కసరత్తు కంటిన్యుటీ కోసం. మనిషి ఒక షాట్‌లో తలుపు తెరిచి, మరో షాట్‌లో గదిలోకి వస్తే చూసేవాడికి ఎక్కడా అతుకు కనబడకూడదు. ఇంకొకటి సంభాషణ కోసం. మరొకటి పాట చిత్రీకరణ కోసం. అన్నిటికీ చివర డిప్లొమా చిత్రం. కసరత్తులో ప్రశ్న గురువుది, జవాబు విద్యార్థిది. చిత్రానికి వచ్చేసరికి ప్రశ్న కూడా విద్యార్థే వేసుకోవాలి. చూసేవాళ్లలో గురువు ఒకడు మాత్రమే. మిగతావాళ్లు ఎన్ని రోజుల్లో తీశావు, ఎంత ఫిల్మ్ ఇచ్చారు, నటుడికి జ్వరమొచ్చిందా అని అడగరు. తెర మీద కనబడినదాన్ని బట్టే తీర్పు చెబుతారు.

ఈ మార్పు చిన్నదేమీ కాదు. చరిత్రలో పేరు పొందినవాళ్లకి కూడా ఆ గట్టు దాటడానికి ఏళ్లు పట్టింది.

ఫిల్మ్ లేని సినిమాలు

1919లో మాస్కోలో ప్రభుత్వం సినిమా బడి తెరిచింది. ప్రపంచంలో ప్రభుత్వం నడిపిన మొదటి సినిమా బడిగా దాన్ని చెబుతారు. బయట అంతర్యుద్ధం. తిండికీ, కట్టెలకీ కటకట. రష్యాలో ముడి ఫిల్మ్ తయారయ్యేది కాదు, విదేశాల నుంచి రావడం ఆగిపోయింది. అంటే బడి ఉంది, విద్యార్థులున్నారు, సినిమా తియ్యడానికి ఫిల్మ్ మాత్రం లేదు.

అక్కడ పాఠం చెప్పిన లెవ్ కులెషోవ్ 1899లో పుట్టినవాడు. బడి తెరిచేనాటికి ఇరవై ఏళ్లు. అప్పటికే 1918లో ‘ఇంజినీర్ ప్రైట్ ప్రాజెక్ట్’ అనే చిత్రం తీసి ఉన్నాడు. ఫిల్మ్ లేకపోతే లేకపోయిందని అతను విద్యార్థులతో ‘ఫిల్మ్ లేని సినిమాలు’ ఆడించాడు. సినిమా ఎలా తీస్తారో అలాగే కథని షాట్లుగా విడగొట్టి, ఒక్కో షాట్‌నీ చిన్న వేదిక మీద నటింపజేసేవాడు. ఒకటి అయ్యీ కాగానే తర్వాతిది. దగ్గర నుంచి చూపవలసినది ఏది, దూరం నుంచి చూపవలసినది ఏది, ఎక్కడ తుంచాలి అన్నదంతా కాగితం మీదా, శరీరాల మీదా లెక్క వేసుకోవాలి.

ఉన్న కొద్ది ఫిల్మ్‌తో, పాత చిత్రాల ముక్కలతో చేసిన ప్రయోగాలు తర్వాత జగత్ప్రసిద్ధమయ్యాయి. నటుడు మొజూఖిన్ ముఖం ఒకటే. దాని పక్కన సూప్ గిన్నె పెడితే ఆకలిగా కనబడింది, శవపేటికలో స్త్రీని పెడితే దుఃఖంగా కనబడింది, బొమ్మతో ఆడుకునే పాపని పెడితే వాత్సల్యంగా కనబడింది. ముఖంలో ఏ మార్పూ లేదు. ఈ సంగతి మనకి చెప్పినవాడు కులెషోవ్ శిష్యుడు పుదోవ్కిన్. ఆ ఫిల్మ్ ముక్కలు ఇప్పుడు లేవు, దాని గురించి చెప్పుకున్న మాటలే మిగిలాయి. సినిమా బడుల్లో నేటికీ చెబుతున్న పాఠాల్లో ఇదొకటి. కసరత్తు దాచుకోవడానికి చేసేది కాదన్న దానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు. అది పోయింది, నేర్పినది ఉంది.

ఇక ఆ బృందానికి ఫిల్మ్ దొరికిన రోజు వచ్చింది. 1924లో ‘బోల్షివిక్కుల దేశంలో మిస్టర్ వెస్ట్ అసాధారణ సాహసాలు’ విడుదలైంది. అమెరికా నుంచి భయపడుతూ మాస్కో వచ్చిన ఓ పెద్దమనిషిని మోసగాళ్లు ఎలా ఆడించారన్నది కథ. నటులు చాలామంది ఆ వర్క్‌షాపు విద్యార్థులే: ఖోఖ్లోవా, పుదోవ్కిన్, బార్నెట్. చిత్రం హుషారుగా ఉంటుంది. వెంటాడటాలు, గంతులు, విచిత్రమైన ముఖ కవళికలు, చకచకా మారే షాట్లు. ఈనాడు చూసినా నవ్వొస్తుంది. అయితే ఒకటి కూడా అనిపిస్తుంది. ఇన్నేళ్లు నేర్చుకున్నదంతా ఒకే చిత్రంలో చూపించెయ్యాలన్న ఆత్రం అడుగడుగునా తెలుస్తుంది. పరీక్షలో తెలిసినదంతా రాసి, అదనపు కాగితాలు అడిగే తెలివైన విద్యార్థి గుర్తుకొస్తాడు.

రెండేళ్ల తర్వాత, 1926లో, కులెషోవ్ ‘చట్టప్రకారం’ తీశాడు. జాక్ లండన్ కథ ఆధారం. బంగారం వెతుక్కునే కొద్దిమంది, ఒక గుడిసె, చుట్టూ మంచూ వరద నీరూ. వాళ్లలో ఒకడు ఇద్దరిని చంపుతాడు. మిగిలిన భార్యాభర్తలు అతన్ని కట్టేసి, చట్టం చేతికి అప్పగించే దారి లేక, రోజుల తరబడి కాపలా కాస్తారు. చాలా తక్కువ ఖర్చుతో తీసిన చిత్రం. ఇందులో చమక్కులు లేవు. ‘మిస్టర్ వెస్ట్’లో వెయ్యి చోట్ల చూపించిన నేర్పు ఇక్కడ ఒకే గదిలో ఒదిగి కూర్చుంది. ఎడిటింగ్ ఎంత గొప్పగా ఉందో మనకి తట్టదు, ఆ ముగ్గురికీ ఏమవుతుందో అన్న భయం మాత్రం తగులుతుంది.

ఫిల్మ్ లేని రోజుల్లో మొదలై ‘చట్టప్రకారం’ దాకా ఆరేడేళ్లు. ఆ ఏళ్లలో ఆ గుంపు నేర్చుకున్నది కొత్త విద్య ఏమీ కాదు. వచ్చిన విద్యలో ఎంత వాడాలో, ఎంత వాడకుండా ఆగాలో తెలుసుకున్నారు.

ఒక గది నుంచి ఒక నగరానికి

అదే మాస్కో బడి తర్వాత పెద్ద సంస్థ అయింది. వీజీఐకే అని పేరు. 1954లో అక్కడ చేరిన ఆంద్రే తార్కోవ్‌స్కీ గురువు మిఖాయిల్ రోమ్. తార్కోవ్‌స్కీ విద్యార్థిదశలో తీసినవి మూడు. వాటిని వరసగా చూస్తే మెట్లు మెట్లుగా కనబడతాయి.

మొదటిది 1956 నాటి ‘హంతకులు’. హెమింగ్వే చిన్న కథ. సహాధ్యాయులు అలెగ్జాండర్ గోర్డన్, మారికా బెయికులతో కలిసి తీశాడు. నిడివి 19 నిమిషాలు. ఒక చిన్న హోటలు, ఒక అద్దెగది, అంతే. నటులు కూడా విద్యార్థులే. తర్వాతి కాలంలో గొప్ప రచయితగా, దర్శకుడిగా పేరు తెచ్చుకున్న వసీలీ శుక్షిన్ ఇందులో చావుకి ఎదురుచూస్తూ మంచం మీద పడుకున్న మనిషి. తార్కోవ్‌స్కీ తనే ఈల వేసుకుంటూ వచ్చే ఓ గిరాకీగా కనబడతాడు. హోటల్లోకి ఇద్దరు వస్తారు, ఒకణ్ని చంపడానికి కాచుకుంటారు, అతను రాడు. జరిగేది అంతే. ఏమీ జరగకుండానే చూసేవాణ్ని బిగబట్టి కూర్చోబెట్టడమన్నది కసరత్తు. ఆ పని చక్కగా చేశారు.

రెండోది 1959 నాటి ‘ఈరోజు సెలవు లేదు’. గోర్డన్‌తో కలిసి, సోవియట్ టెలివిజన్ భాగస్వామ్యంతో, కుర్స్క్ నగరంలో తీశారు. యుద్ధకాలంలో భూమిలో ఉండిపోయిన గుండ్లు బయటపడటం, ఊరు ఖాళీ చేయించడం, సైనికులు వాటిని ఒక్కొక్కటే ఎత్తి తీసుకెళ్లడం. 46 నిమిషాలు. గదిలోంచి ఒక్కసారిగా నగరంలోకి వచ్చారు. సైనికులు, వాహనాలు, జనం, పేరున్న నటులు. ఇందులో తార్కోవ్‌స్కీ ముద్ర వెతికితే పెద్దగా దొరకదు, మామూలు ఉత్కంఠ చిత్రంలా ఉంటుంది. అయినా ఈ మెట్టు లేకపోతే తర్వాతిది లేదని నా అభిప్రాయం. మా రంగంలో కూడా డిజైన్ టేబుల్ దగ్గర చురుగ్గా ఉన్న కుర్రాణ్ని ఓ వర్షాకాలం సైటులో పడేస్తారు. సిమెంటు లారీ రాలేదు, మేస్త్రీ అలిగి వెళ్లిపోయాడు, కాలవ పొంగింది. అక్కడ అతను కొత్త సూత్రాలేమీ నేర్చుకోడు. పదిమందితో పని చేయించుకోవడం, పొద్దు గుంకేలోగా ఏది వదులుకోవాలో తేల్చుకోవడం నేర్చుకుంటాడు.

మూడోది డిప్లొమా చిత్రం, ‘రోడ్డు రోలరూ వయొలినూ’. 1960లో మోస్‌ఫిల్మ్ స్టూడియోలో తయారైంది. ఇదీ 46 నిమిషాలే, రంగుల్లో. వయొలిన్ నేర్చుకునే పిల్లవాడికీ రోడ్డు రోలర్ నడిపే కార్మికుడికీ ఒక్కరోజు స్నేహం. నీటి మడుగుల్లో వెలుగు, అద్దాల్లో ముక్కలైన నగరం. ఇక్కడ తార్కోవ్‌స్కీ తార్కోవ్‌స్కీలా ఉన్నాడు. 1961లో న్యూయార్క్ విద్యార్థి చిత్రోత్సవంలో మొదటి బహుమతి వచ్చింది.

బహుమతి కన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఈ చిత్రానికి కలిసి రాసినవాడు సహాధ్యాయి ఆంద్రే కొంచలోవ్‌స్కీ, ఛాయాగ్రాహకుడు వదీమ్ యూసొవ్, సంగీతం అవ్చీన్నికొవ్. మరుసటి ఏడాది మోస్‌ఫిల్మ్‌లో వేరే దర్శకుడు మొదలుపెట్టి ఆగిపోయిన ఒక యుద్ధచిత్రాన్ని తార్కోవ్‌స్కీకి అప్పగించారు. డబ్బులో చాలా భాగం అప్పటికే ఖర్చయిపోయింది. అలాంటి పనిని ఎత్తుకోవడానికి అతనికి ధైర్యం ఇచ్చినది చేతిలో ఉన్న జట్టు. యూసొవ్, అవ్చీన్నికొవ్ వెంటే ఉన్నారు. కథలోని పిల్లవాడిగా నటించిన బుర్ల్యాయెవ్ కూడా కొంచలోవ్‌స్కీ విద్యార్థి చిత్రం ‘బాలుడూ పావురమూ’లో నటించినవాడే. ఆ చిత్రమే ‘ఇవాన్ బాల్యం’. 1962లో వెనిస్‌లో స్వర్ణ సింహం పంచుకుంది.

కసరత్తులో పక్కవాడు మార్కుల్లో పోటీదారు. చిత్రానికి వచ్చేసరికి అతను లేకపోతే పని జరగదు. బడి విద్యార్థికి ఇచ్చే అసలు ఆస్తి ఈ జట్టే అనిపిస్తుంది. మన సంఘం ఇన్నేళ్లుగా నిలబడటానికి కారణం కూడా అలాంటిదే.

జూబ్లీ చిత్రం తీసిన గుమస్తా

పోలండ్‌లో లోడ్జ్ అనే మిల్లుల నగరం ఉంది. అక్కడివాళ్లు ‘వూచ్’ అని పలుకుతారు. ఆ ఊరి సినిమా బడికి క్రిస్టోఫ్ కీస్లోవ్‌స్కీ రెండుసార్లు దరఖాస్తు పెట్టుకుంటే చోటు రాలేదు. మూడోసారి, 1964లో, దొరికింది.

1966లో అతను ‘ట్రామ్’ అనే చిన్న చిత్రం తీశాడు. అయిదారు నిమిషాలు, శబ్దం లేదు. రాత్రి పూట కుర్రవాడు పరుగెత్తి ట్రామ్ ఎక్కుతాడు. లోపల ఒక అమ్మాయి. చూపులు కలుస్తాయి, చిరునవ్వులు. ఆమె నిద్రలోకి జారుకుంటుంది. అతను తన స్టాపులో దిగిపోతాడు, మళ్లీ మనసు మార్చుకుని ట్రామ్ వెంట పరుగెడతాడు. మాట లేకపోవడం ఇక్కడ లోటుగా తోచదు. తెలియని ఇద్దరి మధ్య మాట ఉండదు కదా. నియమం ఏదైతే ఉందో దానికి సరిపడే కథనే ఎంచుకున్నాడు.

అదే ఏడాది ‘ఆఫీసు’ అనే డాక్యుమెంటరీ కసరత్తు. పింఛను కార్యాలయం కిటికీ ముందు ముసలివాళ్ల వరస. కిటికీ అవతల గుమస్తా విసుగ్గా కాగితాలు అడుగుతుంటుంది. ఫారంలో ఒక ప్రశ్న: జీవితమంతా ఏం చేశావు? చివరికి కొండల్లా పేరుకున్న ఫైళ్లు. ఆరు నిమిషాల్లో ఒక వ్యవస్థంతా కనబడుతుంది. మన తాలూకా ఆఫీసుల్లో నిలబడినవాళ్లెవరికీ దాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక కొత్త సంగతి వచ్చింది. ‘ట్రామ్’లో ఉన్నవాళ్లు నటులు. ‘ఆఫీసు’లో ఉన్నవాళ్లు నిజమైన మనుషులు. చిత్రం అయిపోయాక కూడా వాళ్లు ఆ వరసలో నిలబడాలి, ఆ కిటికీ అవతల కూర్చోవాలి. మనం తీసిన దానివల్ల వాళ్లకేమైనా అయితే ఎవరిది బాధ్యత? గురువు ఇచ్చిన కసరత్తులో ఈ ప్రశ్నకి మార్కులుండవు.

కీస్లోవ్‌స్కీ దాన్ని మరిచిపోలేదు. 1979లో తీసిన ‘అమెచ్యూర్’ అనే కథాచిత్రం మొత్తం దాని మీదే. ఫిలిప్ అనే ఫ్యాక్టరీ ఉద్యోగి పుట్టబోయే బిడ్డని తీసుకుందామని 8 మిల్లీమీటర్ల కెమెరా కొంటాడు. సంగతి తెలిసిన మేనేజరు, మన ఫ్యాక్టరీ రజతోత్సవం వస్తోంది, దాన్ని తియ్యవోయ్ అంటాడు. ఫిలిప్ వేడుక తీస్తాడు. దానితో పాటు మేనేజరు చూపించవద్దన్నవీ తీస్తాడు. చిత్రోత్సవంలో బహుమతి వస్తుంది. తర్వాత ఇంకో చిత్రం, ఇంకోటి, చివరికి టెలివిజన్‌లో ప్రసారం. దాని ఫలితంగా అతనికి మేలు చేసిన పెద్దాయన ఉద్యోగం పోతుంది. భార్య బిడ్డతో వెళ్లిపోతుంది. ఫిలిప్ తీసిన ఫిల్మ్‌ని వెలుతురులోకి లాగి పాడుచేసి, ఆఖరికి కెమెరాని తనవైపు తిప్పుకుంటాడు.

స్వర్ణోత్సవ సంచికలో ఈ జూబ్లీ చిత్రం కథ చెప్పడానికి కారణముంది. ఫిలిప్ చెడ్డవాడేమీ కాడు. తన చేతిలో ఉన్నది ఆటవస్తువు అనుకున్నంత కాలం అతని వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. చూసేవాళ్లు పెరిగారు. దాంతో పాటు తను కూడా పెరగాలన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. సినిమా బడికి వెళ్లి ఉంటే ఎవరైనా చెప్పేవారేమో. బడిలో ఉన్నప్పుడు కీస్లోవ్‌స్కీకి కాజిమీర్ కరబాష్ లాంటి డాక్యుమెంటరీ గురువు ఉన్నాడు. కరబాష్ 1960లో తీసిన ‘వాద్యకారులు’లో ట్రామ్ కార్మికుల వాద్యబృందం సాధన చేసుకుంటూ ఉంటుంది. ఎవరినీ చిన్నబుచ్చకుండా దగ్గరగా చూడటం ఎలాగో ఆ పది నిమిషాల చిత్రంలో ఉంది.

పుణేలో

మన దేశంలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1960లో పుణేలో, పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైంది. అక్కడ చదివి 1965లో బయటికొచ్చిన అదూర్ గోపాలకృష్ణన్ గారి మొదటి కథాచిత్రం ‘స్వయంవరం’ 1972లో గానీ రాలేదు. నడుమ ఏడేళ్లు. చేతిలో డిప్లొమా ఉంది, చిత్రం తియ్యడానికి నిర్మాత లేడు. ఆయన ఊరికే ఎదురుచూడలేదు. తిరువనంతపురంలో మిత్రులతో కలిసి చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ, దానితో పాటు సహకార సంఘం పెట్టారు. మంచి చిత్రాలు తెప్పించి జనానికి చూపించారు, డాక్యుమెంటరీలు తీశారు. అంటే చిత్రం తీసేముందు దాన్ని చూసే ప్రేక్షకులని తయారు చేసుకున్నారు. చివరికి ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పు, సహకార సంఘం డబ్బు కలిపి ‘స్వయంవరం’ పూర్తయింది.

ఈ కథలో మనవాళ్లకి గర్వకారణం ఒకటుంది. ఇల్లు విడిచి నగరానికి వచ్చి బతుకు వెతుక్కునే ఆ జంటలో సీత పాత్ర వేసినది మన తెనాలి శారద గారు. అప్పటికే ఆమె పేరున్న తార, ‘తులాభారం’తో జాతీయ ఉత్తమ నటి అనిపించుకున్నారు. దర్శకుడికి అది మొదటి చిత్రం. ‘స్వయంవరం’కి ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఛాయాగ్రహణం అవార్డులతో పాటు ఆమెకి మళ్లీ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. తనకన్నా ఎంతో అనుభవం ఉన్నవాళ్లతో పని చేయించుకోవడం కూడా కసరత్తుల్లో దొరకని పాఠమే. క్లాసులో నటించేది తోటి విద్యార్థులే కదా.

ఇటీవలి సంగతి ఇంకొకటి. 2024లో కాన్ చిత్రోత్సవంలో సినిమా బడుల విద్యార్థుల కోసం జరిగే ‘లా సినెఫ్’ విభాగంలో మొదటి బహుమతి పుణే సంస్థ చిత్రానికి వచ్చింది. పేరు ‘సన్‌ఫ్లవర్స్ వర్ ద ఫస్ట్ వన్స్ టు నో’. దర్శకుడు మైసూరుకి చెందిన చిదానంద ఎస్. నాయక్ గారు, చదువుకున్నది వైద్యం. గమనించవలసినదేమంటే, అది డిప్లొమా చిత్రం కూడా కాదు. టెలివిజన్ విభాగంలో ఒక్క ఏడాది కోర్సు చివర దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, శబ్దం విద్యార్థులు నలుగురు కలిసి చెయ్యవలసిన ఉమ్మడి కసరత్తు. చిత్రీకరణకి నాలుగు రోజులు.

కథ కన్నడ జానపదం. ముసలావిడ ఊరి కోడిపుంజుని దొంగిలిస్తుంది. కోడి కూయదు, ఊరికి తెల్లవారదు. ‘నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదా’ అన్న సామెత తెలిసిన మనకి ఈ కథ పరాయిది కాదు. మన సామెతలో ఆ ముసలమ్మని చూసి నవ్వుతాం. ఈ చిత్రంలో ఆమె అనుకున్నదే నిజమైతే ఏమవుతుందో చూపించారు. పదహారు నిమిషాల చిత్రం, అంతా చీకటి. పెద్ద లైట్లూ, వారాల సమయం లేని విద్యార్థులకి రాత్రి చిత్రీకరణ కష్టం. సూర్యుడు ఉదయించని ఊరి కథకి ఆ రాత్రి తప్పనిసరి. ఇచ్చిన హద్దులూ కథకి కావలసిన హద్దులూ ఒకటైనప్పుడు కసరత్తు తానే చిత్రమైంది. నలభై ఎనిమిదేళ్ల ముందో, యాభై ఎనిమిదేళ్ల ముందో అనుకోకండి, ‘ట్రామ్’లో మాట లేని కుర్రవాడి విషయంలో జరిగింది కూడా ఇదే.

అలాగని ప్రతి కసరత్తూ చిత్రం కావాలని చూడకూడదు. నాలుగు రోజుల్లో నలుగురు అంత పని చేశారంటే, దానికి ముందు ఎవరికీ చూపించకుండా పక్కన పడేసిన చిన్న చిన్న పనులు ఎన్ని ఉన్నాయో కదా. పాత ముక్కల పెట్టెలో పడిన ఇనుములాంటివి అవి.

మన బడి మాట

ఇప్పుడు మన పిల్లల దగ్గరికి వద్దాం. కులెషోవ్ విద్యార్థులకి ఫిల్మ్ లేదు. మన పిల్లలకి అంతులేనంత ఉంది. వాళ్లకి లేనిది వేరే. తప్పు చెయ్యడానికి చాటు లేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడు తీసిన మొదటి మూడు నిమిషాలు ఆ సాయంత్రమే బంధువుల ఫోన్లకీ, ఊరందరి ఫోన్లకీ చేరిపోతాయి. బాగుందని నలుగురంటే ఇంక నేర్చుకోవలసినది లేదనుకుంటాడు. వెక్కిరిస్తే మళ్లీ కెమెరా పట్టడు. సరదాగా తీసిన తోటి పిల్ల నడకో, వాచ్‌మన్ మాట తీరో నవ్వులాటగా మారి, వాళ్లు మాత్రం రోజూ అదే గేటు దాటి రావాలి. రెండు వైపులా నష్టమే. నూరేళ్లుగా సినిమా బడులు కాపాడుకుంటూ వచ్చిన ఆ నడుమ కాలం మన పిల్లలకి లేకుండా పోతోంది.

దీనికి లక్షలు అక్కర్లేదు. ఒక గది, ఒక తెర, వారానికొక గంట చాలు. ఎనిమిదో తరగతివాళ్లకి మాట లేకుండా అయిదు షాట్లు. తొమ్మిదిలో ఒక గది, ఇద్దరు మనుషులు, ఒక సంభాషణ. ఆ తర్వాత ఊళ్లో ఒక మనిషి పని చేస్తుండగా, ఆయన అనుమతితో, మూడు నిమిషాలు. తీసినది ముందు ఆయనకే చూపించాలి. ఇవేవీ ఆ గది దాటి బయటికి పోకూడదన్నది ఒకటే షరతు. సంవత్సరం చివర పిల్లలంతా జట్టుగా కలిసి ఒకే ఒక చిత్రం తీస్తారు. వార్షికోత్సవంలో అది వేద్దాం.

మన సంఘంలో టీవీలో పనిచేసినవాళ్లున్నారు, ఫొటో స్టూడియోలు నడిపినవాళ్లున్నారు, నాటకాలాడినవాళ్లున్నారు. ఆ గదిలో నెలకొకసారి కూర్చుని పిల్లలు తీసినది ఓపిగ్గా చూసి, ఎక్కడ అర్థమైందో ఎక్కడ కాలేదో చెప్పగలిగితే అదే పెద్ద సాయం. గది విషయం ప్రధానోపాధ్యాయుల వారు చూస్తామంటే, తెరా ప్రొజెక్టరూ సమకూర్చే బాధ్యత మా బ్యాచ్ తీసుకోవడానికి సిద్ధంగా ఉంది. కార్యవర్గం వచ్చే సమావేశంలో ఈ సంగతి చర్చకి పెట్టవలసిందిగా కోరుతున్నాను.